కుడి గోడ పక్క లైను

నేను రిటైరైన రోజు దవాఖానా హాల్లో శాలువా కప్పి, దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరూ నా గొంతునే పొగిడారు. సిస్టర్ ఒక్క కేక వేస్తే ఓపీ మొత్తం లైన్లోకి వచ్చేదని ఒకరు, మైకు లేని లోటు మాకెప్పుడూ తెలియలేదని ఇంకొకరు. సూపరింటెండెంట్ గారైతే "ఆ గొంతును ఇక్కడే వదిలేసి వెళ్ళండి సిస్టర్, మాకు అవసరం ఉంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ దండ ఎప్పుడు తీసేద్దామా అని ఉంది. ఆ గొంతు ఏం చేసిందో ఆ హాల్లో నాకూ సర్జన్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిన మూడో మనిషిని ఎవరూ పిలవలేదు.

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అంటారు. కష్టమైన కాన్పులు, పాముకాట్లు, కొనఊపిరితో వచ్చి నడిచి వెళ్ళిన మనుషులు, ఇలాంటివి చెప్తానని వాళ్ళ ఆశ. అవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి, ఎందుకంటే వాటిలో మనం గెలిచి ఉంటాం. నేను చెప్పబోయేది ఓడిపోయిన సంగతి. అదీ మలద్వారం దగ్గర గోరంత చీలిక సంగతి. నవ్వొస్తే ఇప్పుడే నవ్వేయండి. ఉద్యోగంలో ఏళ్ళ తరబడి నేనూ నవ్వాను.

మాది ఖానాపూర్ దగ్గర పల్లె. మా బాపు వ్యవసాయ కూలీ. మా అవ్వ, అంటే అమ్మ, మిషన్ సంఘంలో ఆదివారం పాట ఎత్తుకునేది. ఆమె ఎత్తుకుంటే వీధి చివర ఉన్నవాళ్ళకు కూడా ఆరాధన మొదలైందని తెలిసేది. నాకు ఆస్తిగా వచ్చింది ఆ గొంతొక్కటే. నర్సింగు చదివాక మొదట మందమర్రి వైపు కొన్నేళ్ళు చేశాను. ఆఖరి పద్నాలుగేళ్ళు పాత కరీంనగర్ జిల్లాలో ఒక మగ్గాల ఊళ్ళో, సర్కారు దవాఖానాలో సర్జికల్ ఓపీ చూశాను.

మంగళవారం, శుక్రవారం ఓపీ. సర్జన్ ఒక్కరే, గది ఒక్కటే, హాలు నిండా జనం. తలుపు దగ్గర నా టేబులు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు లోపలికి పంపితే సాయంత్రమైనా తెమలదు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. చీటీ అందుకోగానే "ఏం బాధ?" అని అడిగేదాన్ని. గడ్డలు, పుండ్లు, కట్లు మార్చేవాళ్ళు ఎడమ పక్క. కడుపునొప్పులు మధ్యలో. మలద్వారం జబ్బులన్నీ కుడి గోడ పక్క. ఎవరైనా నసిగితే, "గట్టిగ చెప్పు, ఇనవడ్తలే" అనేదాన్ని. వాళ్ళు అందరి ముందూ చెప్పేవారు. వాళ్ళు చెప్పలేకపోతే వాళ్ళ తరఫున నేనే చెప్పేదాన్ని: "మొలలా? కుడి గోడకు నిలవడు!"

ఆ లైన్ పేరు ఊరంతా పాకింది. బజార్లో ఎవరైనా కాస్త వంకరగా నడిస్తే "ఏందిరో, కుడి గోడకు పోయొచ్చినవా?" అని ఎగతాళి చేసేవాళ్ళట. నాకు అదొక ఘనతగా ఉండేది. సర్జన్ గారికీ సౌకర్యంగా ఉండేది, మధ్యాహ్నం భోజనం వేళకు గది ఖాళీ. లైన్లో ఉన్నవాళ్ళు తలలు దించుకుంటే నేను ఊరుకునేదాన్ని కాదు. "తినేటప్పుడు లేని సిగ్గు సూపెట్టేటప్పుడెందుకు?" అనేదాన్ని. హాలు గొల్లుమనేది. ఫార్మసిస్టు కిటికీలోంచి తల బయట పెట్టి మరీ నవ్వేవాడు. రోగుల భయం పోగొడుతున్నానని నా నమ్మకం. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

ఇక ఆ జబ్బు సంగతి. కుడి గోడకు వచ్చేవాళ్ళంతా మొలలనే చెప్పేవారు. నెత్తురు పడితే మొలలు, మంట పుడితే మొలలు, దురద పెడితే మొలలు. మొదట్లో నేనూ అంతే. సర్జన్ గారు ఒకరోజు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. మొలలంటే లోపలి రక్తనాళాలు ఉబ్బడం, వాటికి చాలాసార్లు నొప్పే ఉండదు. దొడ్డికి వెళ్ళినప్పుడు కోసినట్టు నొప్పి పుట్టి, వెళ్ళొచ్చాక గంటో రెండు గంటలో మంట ఆగకపోతే అది చాలావరకు చీలిక. గట్టిపడిన మలం రాసుకుని అంచున తోలు చిట్లుతుంది. చిట్లినచోట నొప్పికి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. బిగుసుకున్నచోటికి రక్తం సరిగా అందదు, అందకపోతే పుండు మానదు. నొప్పికి భయపడి మనిషి దొడ్డికి పోవడం వాయిదా వేస్తాడు, తిండి తగ్గిస్తాడు. దాంతో మలం ఇంకా గట్టిపడి మళ్ళీ చిట్లుతుంది. "ఇందులో సగం జబ్బు భయమే సిస్టర్" అన్నారాయన. భయపెట్టేవాళ్ళలో నేనూ ఉన్నానని అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

మందు కూడా చిన్నదే. నీళ్ళు బాగా తాగాలి. జొన్న రొట్టె, ఆకుకూర, జామపండు, పీచు ఉన్నదేదైనా తినాలి. వచ్చినప్పుడు ఆపుకోకూడదు, రానప్పుడు ముక్కకూడదు. దొడ్డికి వెళ్ళొచ్చాక టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. బిగుసుకున్న కండరం వదులయ్యేందుకు పూత మందు ఉంటుంది, దానికి కొందరికి తల నొస్తుంది, నొచ్చిందని అడగకుండా మానేయకూడదు. కొత్తగా వచ్చిన చీలికలు చాలావరకు కొన్ని వారాల్లో వీటితోనే మానతాయి. మానకపోతే చిన్న ఆపరేషన్ ఉంది. నెత్తురు పడినవాళ్ళను మాత్రం ఒక్కసారైనా చూడకుండా మందు ఇవ్వొద్దని సర్జన్ గారి ఆజ్ఞ, ఎందుకంటే ఒక్కోసారి దాని వెనక పెద్ద రోగం దాగి ఉంటుంది. ఈ పాఠమంతా నేను కుడి గోడ దగ్గర ఓపీ రోజున నాలుగైదు సార్లు అప్పజెప్పేదాన్ని, హాలంతా వినేలా.

ఆ పాఠం నా తర్వాత ఎక్కువసార్లు విన్నది ఆయమ్మ. ఆమెను ఆయమ్మ అనే అందాం, దవాఖానాలో అందరూ అలాగే పిలిచేవారు. నేతపని ఇంటి మనిషి, భర్త సాంచెల మీద, అంటే మరమగ్గాల షెడ్డులో పని. ఆమె కాంట్రాక్టరు కింద మా ఓపీలో ఊడ్చేది, తుడిచేది, టబ్బులకు నీళ్ళు కాచేది, లేవలేనివాళ్ళను చేయిపట్టి లోపలికి తెచ్చేది. నాకంటే పదేళ్ళు చిన్న. మధ్యాహ్నం ఇద్దరం డ్రెస్సింగు గది వెనక నేల మీద కూర్చుని తినేవాళ్ళం. నా డబ్బాలో జొన్న రొట్టె, ఆమె డబ్బాలో అన్నం, పచ్చిపులుసు. కూరలు మార్చుకుంటూ ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్ళం. "నీకేంది సిస్టరమ్మా, మీ సారు ఒక్కగానొక్క కొడుకు. నీకు ఆడిబిడ్డల పోరు లేదు. నాకు చూడు, ముగ్గురున్నరు, ముగ్గురూ ముప్పుతిప్పలే" అని నవ్వేది.

ఓపీ వెనక స్టాఫ్ సందాసు, అంటే మరుగుదొడ్డి, ఒకటి ఉండేది. రోగుల వెంట వచ్చినవాళ్ళు పాడు చేస్తున్నారని దానికి తాళం వేయించింది నేనే. తాళంచెవి పోకుండా దానికి మందు డబ్బా రేకుమూత కట్టి నా సొరుగులో పెట్టాను. డాక్టర్లు, నర్సులు వచ్చి సొరుగు లాగి తీసుకునేవారు. ఆయమ్మ మాత్రం అడిగి తీసుకోవాలి. పొద్దున్నే ఆ సందాసును కడిగేది ఆమే. కడిగి, తాళం వేసి, చెవి తెచ్చి నా చేతిలో పెట్టేది. మధ్యలో ఎప్పుడైనా వచ్చి నిలబడితే నా నోరు ఊరుకోదు కదా. "ఏందే, మళ్ళనా? పొద్దుగాల్నే పోయినవు గదా" అనేదాన్ని. రేకుమూత గలగలమనేది. ఆమె ఎక్కడికి పోతున్నదో హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలిసేది.

కొన్నాళ్ళకు ఆమె తాళంచెవి అడగడం మానేసింది. పొద్దున ఎనిమిదింటికి వచ్చిన మనిషి మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయేదాకా ఆపుకునేది. ఆపుకోవడానికి నీళ్ళు తాగడం మానేసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నేను గమనించింది ఒక్కటే, నా సొరుగు దగ్గర గోల తగ్గింది. మంచిదే అనుకున్నాను.

ఆ చలికాలం ఆమె మారిపోయింది. టీ ఇస్తే "వద్దు సిస్టరమ్మా, ఏడి చేసింది" అనేది. అన్నం నాలుగు ముద్దలకు మించి తినేది కాదు. తినేటప్పుడు కూర్చోవడం మానేసి, గోడకు ఆనుకుని నిలబడి తినేది. "కూసోవే, నిలవడి తింటే పెయికి వట్టదు" అన్నాను. "పొద్దుందాక వంగి తుడుసుడే గద, జర నిలవడ్తె నడుముకు సుకమున్నది" అంది. ఏళ్ళ తరబడి అలాంటి మనుషులను కుడి గోడకు నిలబెట్టినదాన్ని. వాళ్ళు ఎలా నడుస్తారో, ఎలా కూర్చోలేరో నాకు తెలుసు. పక్కన నిలబడి అన్నం తింటున్న మనిషిలో మాత్రం అది కనిపించలేదు. కనిపించలేదనడం కూడా అబద్ధమేమో, నేను చూడలేదు.

ఆమె మనసంతా అప్పుడు బాసర మీద ఉంది. వసంత పంచమికి మనవరాలిని తీసుకుపోయి అక్షరాభ్యాసం చేయించాలి. కూతురి ప్రాణం మీదికి వచ్చి కష్టమైన కాన్పు అయినప్పుడు మొక్కుకున్నదట, పుట్టినదాన్ని తన ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని దిద్దిస్తానని. "నాకైతే అచ్చరం ముక్క రాదు సిస్టరమ్మా. జీతం కాడ ఏలిముద్రనే. దానికి మాత్రం సదువు నా ఒళ్లనే మొదలుగావాలె" అనేది. పలక కొన్నది, పట్టు జాకెట్టు ముక్క కొన్నది. ఎంతసేపు కూర్చోబెడతారు, కింద చాప వేస్తారా, బస్సులో ఎన్ని గంటలు పడుతుంది అని నన్ను అడిగేది. చర్చికి పోయేదాన్ని నన్నా అడిగేది? నవ్వాను. అవన్నీ కూర్చోవడం గురించిన ప్రశ్నలేనని నాకు తట్టలేదు.

పంచమి ఇంకా ఇరవై రోజులుందనగా ఒక శుక్రవారం ఓపీ కిక్కిరిసి ఉంది. ఆయమ్మ బకెట్టు పక్కన పెట్టి నా టేబులు దగ్గరికి వచ్చింది. వంగి, చిన్నగా అడిగింది: "సిస్టరమ్మా, గా పూత మందు ఒకటి ఇప్పియ్యరాదు. మా ఆడిబిడ్డకు జర తక్లీబున్నది."

నా ముందు ముప్పై చీటీలున్నాయి, తలెత్తి చూడలేదు. నా గొంతులో నేను మాట్లాడాను. "మందిచ్చుటానికి గిది కిరాణం దుకాణమా? మీ ఆడిబిడ్డను వచ్చి కుడి గోడకు నిలవడుమను. తినేటప్పుడు లేని సిగ్గు సూపెట్టేటప్పుడెందుకట?"

హాలంతా నవ్వింది. ఫార్మసిస్టు కిటికీలోంచి "ఆడిబిడ్డకేనా ఆయమ్మా, నీకా?" అన్నాడు. మళ్ళీ నవ్వు. ఆయమ్మ కూడా నవ్వింది. "నాకెందుకైతది సారూ, నేను గట్టిదాన్ని" అని బకెట్టు తీసుకుని పోయింది.

చూడకుండా మందు ఇవ్వకూడదన్న నియమం సరైనదే. ఈ రోజు అడిగినా ఇవ్వను. ఆ మాట ఆమె చెవిలో చెప్పి, చేయి పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోవడానికి రెండు నిమిషాలు పట్టేది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అవ్వ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. అవ్వ గొంతు తీసుకున్నాను, ఆ మాట మాత్రం తీసుకోలేదు.

సోమవారం నుంచి ఆయమ్మ రాలేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. హాలు కంపు కొడుతోంది, నీళ్ళు కాచేవాళ్ళు లేరు, నాకు మండిపోయింది. బాసర ప్రయాణం కోసమని ముందే ఎగ్గొట్టిందనుకున్నాను. సూపరింటెండెంట్ గారు అడిగితే, చెప్పకుండా డ్యూటీకి రావడం లేదని కాగితం మీద ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత నాలుగు రోజుల్లో కాంట్రాక్టరు ఇంకొకామెను పెట్టాడు. ఇంటికి మనిషిని పంపి కనుక్కోవాలని నాకు అనిపించలేదు. ఆమె ఇల్లు దవాఖానాకు నడిచిపోయేంత దూరం.

పంచమి వెళ్ళిపోయాక రెండో మంగళవారం. ఓపీ మామూలుగానే నడుస్తోంది. చీటీ ఒకటి టేబులు మీదికి వచ్చింది. తల దించుకునే అడిగాను, "ఏం బాధ?" జవాబు లేదు. "గట్టిగ చెప్పు, ఇనవడ్తలే!"

"గదే సిస్టరమ్మా. కుడి గోడది."

తలెత్తాను. ఆయమ్మ. కొంగు నడుము చుట్టూ గట్టిగా కట్టుకుని, భర్త భుజం పట్టుకుని నిలబడి ఉంది. మొహం పీక్కుపోయింది. వాసన వస్తోంది. వెనక ఉన్నవాళ్ళు ముక్కు మీద కొంగులు పెట్టుకుంటున్నారు. "లోపలికి రా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. "లైన్ల వస్త. అందరు నిలవడ్డరు గద" అంది. వెళ్ళి కుడి గోడ పక్కన, ఆమె రోజూ తుడిచిన గచ్చు మీద నిలబడింది. ముందు పదిమంది ఉన్నారు. నేను లేచి వెళ్ళి చేయి పట్టుకుంటే విడిపించుకుంది. ఆ పదిమందీ తమంతట తామే పక్కకు జరిగారు, అప్పుడు లోపలికి వచ్చింది.

తెర వెనక ఆమె చేయి పట్టుకుని నిలబడ్డాను. కొంగు నోట్లో కుక్కుకుంది. సర్జన్ గారు చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు, "ఎవరు చేశారమ్మా ఇది?"

"గోదారి అవుతల ఒక డాక్టరున్నడన్నరు సార్. పెద్ద బోర్డున్నది. మొల బయటకొచ్చిందన్నడు. పది రోజులల్ల పీటేసుకోని కూసుంటవు, గ్యారంటీ అన్నడు. సూదిచ్చిండు, ఏందో పూసిండు. నిప్పు వెట్టినట్టు కాలింది సార్. నాలుగు రోజులకు మాంసం ఊడివడ్డది." మొహం గోడ వైపు తిప్పుకుని అంది, "గప్పటి సంది ఎప్పుడొస్తదో నాకు ఎరుకైతలేదు సార్. బట్టలల్లనే పోతున్నది."

ఆమెను మంచం మీద పడుకోబెట్టి బయటికి వచ్చాం. సర్జన్ గారు చేతులు కడుక్కుంటూ గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు. "మొదట వచ్చింది చీలికే సిస్టర్. పాతబడితే అంచున తోలు ఉబ్బి తోకలా వస్తుంది కదా, దాన్ని మొల అనుకుని కాల్చేశాడు. కండరం కూడా పోయింది. మన దగ్గర నెలా నెలన్నర పూత మందుతో, కాకుంటే చిన్న ఆపరేషన్‌తో పోయే పని. రోజూ మన గదిలోనే ఉన్న మనిషి. మీకొక్క మాట చెప్పలేదా?"

"చెప్పింది సార్" అన్నాను.

ఆయన కుళాయి కట్టేసి నా వైపు చూశారు. ఆ శుక్రవారం హాల్లో నవ్వు ఆయన గదిలోకి కూడా వినబడే ఉంటుంది.

పెద్ద దవాఖానాకు పంపారు. మలానికి కడుపు మీదికి దారి తీసి సంచి పెట్టారు. కొన్ని నెలలకు పుండు మానాక కండరాన్ని అతికేందుకు ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత సంచి తీసేశారు. కొంత వచ్చింది, మొత్తం రాలేదు. గట్టిగా ఉంటే ఆగుతుంది, కాస్త పల్చనైతే ఆగదు. ఇప్పటికీ బట్ట మడిచి పెట్టుకునే ఉంటుంది. పెళ్ళికి పోదు, బస్సెక్కదు, ఎవరింట్లోనూ కూర్చోదు.

సంచి తీశాక ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. పక్క షెడ్డులో సాంచెలు దడదడమంటున్నాయి. ఆమె చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. నేను తెచ్చిన జామపండ్ల వైపు చూసి నవ్వింది. "నువ్వు చెప్పేదంత నాకు నోటికొచ్చు సిస్టరమ్మా, ఇను" అని మొదలుపెట్టింది. నీళ్ళు బాగ తాగాలె, ఆకుకూర తినాలె, వచ్చినప్పుడు ఆపుకోవద్దు, రానప్పుడు ముక్కొద్దు, గోరెచ్చటి నీళ్ళల్ల కూసోవాలె, తల నొస్తే అడగకుంట మానొద్దు. ఒక్క ముక్క తప్పు పోలేదు. నా గొంతులో, నా లాగే చేయి ఊపుతూ చెప్పింది. చివర్న అదే గొంతుతో "తినేటప్పుడు లేని సిగ్గు సూపెట్టేటప్పుడెందుకు?" అంది. వంటింట్లో ఉన్న వాళ్ళ ఆడబిడ్డ నవ్వబోయి ఆగిపోయింది.

నేను ఏడ్చాను. ఏడుస్తూ అడిగాను, "హాల్ల చెప్పకుంటే పాయె, తినేకాడ నా ఒక్కదానికి చెవుల చెప్పకపోయినవే?"

"ఎట్ల చెప్పుదు సిస్టరమ్మా? నీ చెవుల చెప్తె నీ నోట్లకెల్లి హాలంత ఇనవడ్తది."

కోపంగా అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు అంది. జామపండొకటి చేతిలోకి తీసుకుని ఆమే అంది, "బాసరల మా వియ్యపురాలి ఒళ్ల కూసోవెట్టి రాపిచ్చిండ్రట. మంచిగనే రాసిందట పోరి. నేను గా దినం గీ చాప మీదనే ఉన్న." మొక్కు అలాగే ఉండిపోయిందని ఆమెకు ఇంకా భయం. మనవరాలికి జ్వరం వస్తే ఇప్పటికీ అదే కారణమనుకుంటుందని వాళ్ళ ఆడబిడ్డ నన్ను గడప దాకా సాగనంపుతూ చెప్పింది.

ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోమని తిరిగాను. కూర్చుని చేసే పని, చీటీలు అందించే పని ఏదైనా ఇవ్వమన్నాను. కాంట్రాక్టరు "వాసనస్తదటగద సిస్టర్, రోగులు ఊకుంటరా?" అన్నాడు. సూపరింటెండెంట్ గారు ఫైలు తెరిచి, చెప్పకుండా మానేసిన మనిషికి మళ్ళీ ఎలా ఇస్తామని నా కాగితమే నాకు చూపించారు. కింద నా సంతకం చాలా అందంగా ఉంది.

ఆ తర్వాత ఓపీలో పద్ధతి మార్చాను. నా టేబులు దగ్గర పరదా కట్టించాను. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి అడిగేదాన్ని, చెప్పింది చీటీ మీద రాసేదాన్ని, కుడి గోడ ఎడమ గోడ లేకుండా ఒకే లైన్ చేశాను. సందాసు తాళంచెవి తీసి, రేకుమూత పారేసి, తలుపు పక్కన మేకుకు తగిలించాను. ఎవరైనా "మా ఆడిబిడ్డకు", "మా తోటికోడలుకు", "మా పక్కింటామెకు" అని మందు అడిగితే తలెత్తి ఆ అడిగిన మనిషి మొహం చూసేదాన్ని. పదిమందిలో ఏడెనిమిదిమంది పరదా లోపలికి వచ్చాక తమకేనని చెప్పేవారు. ఓపీ మాత్రం సాయంత్రం దాకా సాగేది. సిస్టర్‌కు వయసైపోయింది, జోరు తగ్గిందని అన్నారు. నేను రిటైరైన నెలలోనే పరదా ఉతకడానికి తీసి మళ్ళీ కట్టలేదట. కుడి గోడ లైన్ మళ్ళీ వచ్చిందని ఫార్మసిస్టు ఫోన్లో చెప్పాడు, "మీ జమానా యాదికొస్తుంది సిస్టర్" అని.

ఇంతవరకే చెప్పి ఆపితే నేను మారిన మనిషినని మీరు అనుకుంటారు. అందుకే ఇది కూడా చెప్తున్నాను.

పోయిన చలికాలం అది నాకే వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు వాడిన గోలీలు మలబద్ధకం తెచ్చాయి, నీళ్ళు తాగడం తగ్గింది, ఒకనాడు పొద్దున్నే కోసినట్టు నొప్పి పుట్టింది. ఏమిటో నాకు తెలుసు. పాఠం నోటికొచ్చు కనుక అంతా చేశాను. మూడు వారాలైనా తగ్గలేదు, నెత్తురు ఆగలేదు. నెత్తురు పడితే ఒకసారి చూపించుకోవాల్సిందేనని వేలమందికి చెప్పినదాన్ని. ఇప్పుడు నిర్మల్ వైపు ఉంటున్నాను, అక్కడి దవాఖానాలో నన్నెవరూ ఎరగరు. బస్సులో సీటు ఉన్నా నిలబడే వెళ్ళాను.

ఓపీ తలుపు దగ్గర ఒక చిన్న సిస్టర్ కూర్చుని ఉంది. చురుకైన పిల్ల, మంచి గొంతు. నా చీటీ తీసుకుని తల దించుకునే అడిగింది, "ఏం బాధ అవ్వా?" నా వెనక లైన్, పక్కన బెంచీల మీద మగవాళ్ళు. నేను నసిగాను. "జర గట్టిగ చెప్పు, ఇనవడ్తలే."

నా గొంతు మీకు తెలుసు కదా. మైకు అక్కర్లేని గొంతు. అది పెగల్లేదు.

"నాకు గాదు బిడ్డా" అన్నాను. "మా ఆడిబిడ్డకు."

"గట్లైతే ఆమెనే రమ్మను. లైన్ల నిలవడుమను" అంది. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వి, చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను.

మా ఆయన ఒక్కగానొక్క కొడుకు. నాకు ఆడబిడ్డలు లేరు. బస్టాండులో బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను, ఆయమ్మ గోడకు ఆనుకుని అన్నం తిన్నట్టు. బట్టల్లోనే పోతుండగా, అందరూ ముక్కులు మూసుకుంటుండగా, ఆమె వచ్చి ఆ లైన్లో నిలబడింది. నేను నిలబడలేకపోయాను.